నూరు సున్నాలు

కారూ ఎడారిలో జులై అంటే నడి చలికాలం.
కుళాయి గడ్డకట్టి
గొట్టంలో ఎవరో గొంతు సవరించుకుంటున్న చప్పుడు.
మబ్బు పట్టిందని టెలిస్కోపు గుమ్మటం మూసేసి
ముగ్గురం వంటింట్లో చేరాం:
చుక్కల్ని కొలిచే నొలువూయో,
గుమ్మటం మోటారుకి గ్రీజు పెట్టే నేను,
ఇక మాగ్రీటా క్లాస్తె, వంటిల్లే ఆవిడది కాబట్టి
చేరడమన్న మాట ఆవిడకి వర్తించదు.

ముప్ఫై ఏళ్లుగా ఆవిడ పని ఇదే,
రాత్రంతా పైకి చూసేవాళ్లకి
తెల్లవారుజామున ఏదో ఒకటి వేడిగా పెట్టడం.
నువ్వెప్పుడైనా చూశావా అంటే
"నాకు పొయ్యి ఉంది కదా" అంటుంది.

ఆ సాయంత్రం నొలువూయోకి ఒక వెలుగు మరక దొరికింది.
అది బయల్దేరినప్పుడు
ఈ గుట్ట లేదు, ఈ భూమి లేదు,
భూమి కాబోయే దుమ్ముకి ఇంకా ఊరూ పేరూ లేదు.
"పోన్లే, ఇన్నాళ్లకైనా చేరింది," అంది మాగ్రీటా,
రైలు తప్పిన చుట్టం గురించి అన్నట్టు.
"చేరింది వెలుగే.
పంపిన చోటు ఇప్పుడింక మనకి అందదు.
ఇక్కణ్ణుంచి కబురు పంపితే
కబురు పరిగెడుతూనే ఉంటుంది,
దారి సాగుతూనే ఉంటుంది."

మాగ్రీటా పిండి పిసకడం ఆపలేదు.
"అన్నీ అలా పోతే?"

అన్నీ అలాగే పోతాయట.
ఒక కాలాన ఎవరో పుట్టి
ఇలాంటి గుట్టే ఎక్కి
తమ పాలపుంత దాటి చూస్తే
ఇంకేమీ కనపడదట.
ఉన్నది మేమే అని రాసుకుంటారట పుస్తకాల్లో,
కాదనడానికి సాక్ష్యం మిగలదు.
తరవాత చుక్కలు.
పెద్దవి దుబారా మనుషులు, ముందే ఆరిపోతాయి.
చిన్న ఎర్రవి పిసినారులు,
గోరంత వెలుగుని కొండంత కాలం కాపాడుకుంటాయి.
అవీ ఆరాక కృష్ణబిలాలు,
అవి కూడా ఊపిరి వదిలినట్టు
సన్నగా, సన్నగా.

"ఎన్నేళ్లకి?"
"ఒకటి వేసి, పక్కన నూరు సున్నాలు."

మాగ్రీటా బల్ల మీద పిండి పరిచింది.
గ్లాసు బోర్లించి నొక్కింది,
మందుసీసా మూతతో నడుమ చిల్లు పెట్టింది.
ఒక సున్నా.
దాని పక్కన ఇంకోటి.
నేను లెక్కపెడుతున్నాను.
యాభై మూడు దగ్గర పిండి అయిపోయింది.
అంచుల్లో రాలిన ముక్కలు కూడదీసి
ఇంకో రెండు చేసింది, బక్కవి.
వేలికంటుకున్నదాన్ని పుల్లలా నలిచి
అన్నిటికీ ముందు నిలబెట్టింది.
"మిగతా నలభై అయిదు?" అన్నాను.
"రేపు రాత్రి."

పళ్లేలు పొయ్యిలోకి వెళ్లాయి.
వాళ్ల అవ్వ చెప్పేదట:
ఒక పిల్ల పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తీసి
ఆకాశంలోకి విసిరింది,
చీకటి పడ్డాక ఇల్లు చేరేవాళ్లకి
దారి కనపడాలని.
మా భాషలో అది పాలు, అన్నాను,
పాలు ఒలికిన పుంత.
బండ్లు నడిచే పుంత లాంటిదే.
పాలో బూడిదో,
దారి అనడంలో మాత్రం
ఎన్నడూ కలవని రెండు ఊళ్లూ ఒకే మాట మీదున్నాయి.

"చివరికి అంతా చల్లారుతుందన్నావుగా,"
మాగ్రీటా నొలువూయో వైపు తిరిగింది,
"అప్పుడు పొయ్యి దగ్గర ఎవరుంటారు?"
నొలువూయో దగ్గర జవాబు లేదు.
ఆకాశం సంగతి అడిగితే
రాత్రంతా చెప్పగల పిల్ల
చేతి గ్లౌజు దారం పీకుతూ కూర్చుంది.

నాలుగున్నరకి మబ్బు విడిపోయింది.
ఇద్దరం పరిగెత్తి గుమ్మటం తెరిచాం,
మోటారు మూలిగింది, కదిలింది.
ఒక గంట దొరికింది.
చాలదు, కానీ ఒక గంట.

తిరిగొచ్చేసరికి మాగ్రీటా
నిప్పుల మీద బూడిద కప్పుతోంది,
రేపటికి అగ్గిపుల్ల దండగ కాకుండా.
సున్నాలు ఎర్రగా కాలాయి.
టీలో ముంచుకుని తిన్నాం,
నేను ఆరో ఏడో,
ఎన్ని కోట్ల కోట్ల ఏళ్లో మరి.

పళ్లెంలో ఆ ఒకటి అలాగే ఉంది.
ఎవరికీ చెయ్యి రాలేదు.

ఆరింటికి జీపు డ్రైవరు పీట్రస్ వచ్చాడు,
చెవులు చలికి ఎర్రబడి,
మా ముగ్గురి మొహాలూ చూడకుండా
దాన్ని తీసుకుని
పటుక్కున కొరికి,
"ఉప్పు తక్కువైంది" అన్నాడు.